తాడుకు అటూ ఇటూ

హోలీ సాయంత్రం హున్సాలో రెండు కర్రలు పాతి మధ్యలో తాడు కడతారు. నిజామాబాద్ జిల్లాలో బోధన్ దాటి మహారాష్ట్ర సరిహద్దు వైపు వెళ్తే వచ్చే ఊరు అది. అంతకుముందు కుస్తీలు జరుగుతాయి, చుట్టుపక్కల ఊళ్ల నుంచి పహిల్వాన్లు వస్తారు. కుస్తీలు ముగిశాక, పొద్దు గూకే వేళ, ఊరి మగవాళ్లు రెండు జట్లుగా తాడుకు అటూ ఇటూ నిలబడతారు. ఒక చేత్తో తాడు పట్టుకుని రెండో చేతి పిడికిలితో ఎదుటివాణ్ణి గుద్దుతారు. ముక్కుల్లోంచి రక్తం కారుతుంది, పెదవులు చిట్లుతాయి, కళ్ల కింద వాస్తుంది. ఇదంతా కొద్ది నిమిషాలే. పెద్దలు చాలనగానే చేతులు దిగిపోతాయి. కామదహనం బూడిద తెచ్చి దెబ్బల మీద రుద్దుకుంటారు. అంతదాకా కొట్టుకున్నవాళ్లే అలాయ్ బలాయ్ తీసుకుంటారు. దీన్నే పిడిగుద్దులాట అంటారు.

ఈ ఆటకు నూరేళ్లు దాటాయని ఊరివాళ్లు చెప్తారు. బోధన్‌లోని శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ 1930ల చివర్లో మొదలై 2015 డిసెంబరులో మూతపడింది. ఊరివాళ్ల లెక్క సరైనదైతే ఈ ఆట ఫ్యాక్టరీ కంటే ముందు నుంచీ ఉంది, ఫ్యాక్టరీ పోయాక కూడా నిలిచింది. పోలీసులు అనుమతి లేదన్న ఏళ్లలోనూ సాగింది. ఏటా హోలీ మర్నాడు ఆ ఫొటోలు బయటికి రాగానే ఇదేం అనాగరికం అనే మాట మొదలవుతుంది. ఆ మాట అనేవాళ్లలో చాలామంది రాత్రుళ్లు మేలుకుని యూరప్ ఫుట్‌బాల్ చూసేవాళ్లే. ఆ గ్యాలరీల్లో మంటలు లేచినా, కుర్చీలు ఎగిరినా అది అభిమానం ముదరడమే అని సర్దుకుపోతారు. ఈ రెండు తూకాలూ ఒకటి కావాలన్నది నా పట్టుదల. ఆటలో దురుసుతనాన్ని కొలిచేటప్పుడు ఎంత రక్తం కారిందో చూడటంతో సరిపెట్టుకోకూడదు. హద్దు ఎవరు కట్టారు, అది ఎవరి చేతిలో ఉంది, ఆట ఎక్కడ ఆగింది అన్నవి చూడాలి.

హున్సా తాడును కాస్త నిదానంగా చూద్దాం. మెడ ఎత్తు గోడ కాదది, దాటడం ఎవరికైనా సులువు. కానీ దాన్ని పట్టుకుని నిలబడటమే ఆట. తాడు పట్టుకున్న చెయ్యి కొట్టడానికి పనికిరాదు, కాబట్టి మనిషి బలంలో సగం హద్దును కాపాడటానికే పోతుంది. ఇరు జట్లూ పట్టుకున్నది ఒకటే తాడు. కాపలా వేరేవాళ్లకు అప్పగించలేదు. ఎదుట నిలబడ్డవాడు ముక్కూమొహం తెలియనివాడూ కాదు. మర్నాడు పొలం దగ్గర కనిపిస్తాడు, కిరాణా కొట్టులో కనిపిస్తాడు. పిడికిలికి పగ్గం వేసేది ఈ ఎరుకే.

ఇప్పుడు కలకత్తాకు వెళ్దాం. 1980 ఆగస్టు 16న ఈడెన్ గార్డెన్స్‌లో మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ ఆడాయి. మైదానంలో బిదేశ్ బోస్, దిలీప్ పాలిత్ ఘర్షణ పడ్డారు, రిఫరీ ఇద్దర్నీ బయటికి పంపాడు. మైదానంలో అంతటితో పోవాల్సింది. కానీ రెండు జట్ల అభిమానులూ ఒకే గ్యాలరీలో కలిసి కూర్చున్నారు. వాళ్ల మధ్య తాడు కాదు కదా, గీత కూడా లేదు. కొట్లాట, తొక్కిసలాట జరిగి 16 మంది చనిపోయారు. ఆ ఇద్దరు ఆటగాళ్ల తప్పు ఎంతో, టికెట్లు అమ్మి జనాన్ని కలిపి కూర్చోబెట్టినవాళ్ల తప్పు ఎంతో వేరు చేసి చూస్తే, రెండోదే బరువుగా తేలుతుంది. నిజామాబాద్ జిల్లా నుంచి వెళ్లిన గుగులోతు సౌమ్య ఇవాళ ఆడుతున్నది ఆ ఈస్ట్ బెంగాల్‌ తరఫునే. 2024-25 సీజన్‌కు దేశంలో ఉత్తమ మహిళా ఫుట్‌బాలర్ అవార్డు ఆమెకే వచ్చింది. మన జిల్లా పిల్ల వేసుకునే జెర్సీకి అలాంటి చరిత్ర కూడా ఉందని ఇక్కడివాళ్లం తెలుసుకోవడం అవసరం.

అయిదేళ్లు తిరక్కుండా 1985 మే 29న బ్రస్సెల్స్ హైసెల్ స్టేడియంలో లివర్‌పూల్, యువెంటస్ యూరోపియన్ కప్ ఫైనల్‌కు దిగాయి. అక్కడ హద్దు ఉంది, కానీ అది ఒక బలహీనమైన ఇనుప వల. లివర్‌పూల్ అభిమానుల గుంపు దాన్ని తొక్కేసి అవతలివాళ్ల మీదికి దూకింది. వెనక్కి వెనక్కి జరిగినవాళ్లు గోడ దగ్గర ఇరుక్కుపోయారు, గోడ కూలింది. 39 మంది చనిపోయారు, ఎక్కువమంది ఇటలీవాళ్లు. ఆ రాత్రే ఆట కూడా ఆడించారు. ఆపితే ఇంకా గొడవ ముదురుతుందన్నది అధికారుల భయం. ప్లాటినీ పెనాల్టీతో యువెంటస్ 1-0తో గెలిచింది. శవాలున్న స్టేడియంలో కప్పు అందుకోవడం నన్ను ఇప్పటికీ కలవరపెడుతుంది. హున్సాలో పెద్దమనిషి ఒక మాటతో చేసే పనిని యూరప్ ఫుట్‌బాల్ పెద్దలంతా కూడి చేయలేకపోయారు. తర్వాత ఇంగ్లండ్ క్లబ్బులను అయిదేళ్లు యూరప్ పోటీలకు దూరం పెట్టారు. ఆ శిక్ష న్యాయమే.

అయితే ఆ శిక్ష వెంట ఒక ముద్ర కూడా పడింది: లివర్‌పూల్ అభిమాని అంటే రౌడీ. నాలుగేళ్ల తర్వాత, 1989 ఏప్రిల్ 15న, షెఫీల్డ్‌లోని హిల్స్‌బరోలో ఆ ముద్ర ఎంత పని చేసిందో చూడండి. రౌడీలు మైదానంలోకి రాకుండా అని అక్కడ లివర్‌పూల్ అభిమానులను గట్టి ఇనుప కంచెల మధ్య నిలబెట్టారు. పోలీసులు బయటి గేటు తెరిచి, అప్పటికే నిండిన కంచెలోకి ఇంకా జనాన్ని వదిలారు. ముందున్నవాళ్లు ఇనుప కడ్డీలకు అదుముకుపోయి ఊపిరాడక పోయారు. మొత్తం 97 ప్రాణాలు. తప్పు తాగుబోతు అభిమానులదేనని పోలీసులు చెప్పారు, పత్రికలు అచ్చేశాయి. అభిమానుల తప్పేమీ లేదని, ఆ చావులు చట్టవిరుద్ధంగా జరిగినవేనని జ్యూరీ తేల్చడానికి 2016 దాకా పట్టింది. ఇరవై ఏడేళ్లు ఆ తల్లిదండ్రులు పిల్లల్ని పోగొట్టుకున్న దుఃఖంతో పాటు ఆ నిందనూ మోశారు.

రెండు చోట్లా అభిమానులు ఒకే క్లబ్బువాళ్లు. హైసెల్‌లో వాళ్లు నేరస్తులు, హిల్స్‌బరోలో బాధితులు. బయటి నుంచి ఫొటో చూసినవాడికి రెండూ గుంపులే, రెండింట్లోనూ రక్తమే. హున్సా ఫొటో చూసి అనాగరికం అనేవాళ్లకు నేను చూపించేది ఈ జంటనే. ఒక ఊరి జనం మీద, ఒక క్లబ్బు అభిమానుల మీద ఒక మాట అతికిస్తే, తర్వాత వాళ్లకేం జరిగినా అది వాళ్ల తప్పే అవుతుంది. హైసెల్‌లో వల పలచన, హిల్స్‌బరోలో కంచె మరీ గట్టిది. ఎంత గట్టి కంచె కడితే అంత శాంతి అన్న నమ్మకం అక్కడే కూలింది. 1990లో లార్డ్ టేలర్ నివేదిక వచ్చాక ఇంగ్లండ్ పెద్ద మైదానాల్లో అందరికీ కుర్చీలు వేశారు, ఆ ఇనుప కంచెలు తీసేశారు.

దీనికి మన దగ్గరి జోడు 2025 డిసెంబరు 13. ఒకే రోజు, ఒకే మెస్సీ, రెండు నగరాలు. పొద్దున కలకత్తా సాల్ట్ లేక్ స్టేడియంలో నాయకులూ ప్రముఖులూ మెస్సీని చుట్టేశారు. వేలు పోసి టికెట్ కొన్నవాళ్లకు అతను కనపడనే లేదు. ఎక్కువసేపు ఉండకుండానే వెళ్లిపోయాడు. సీసాలు ఎగిరాయి, కుర్చీలు విరిగాయి, జనం మైదానంలోకి దూసుకొచ్చారు, నిర్వాహకుణ్ణి అరెస్టు చేశారు. ఆ సాయంత్రమే హైదరాబాద్ ఉప్పల్ స్టేడియంలో మెస్సీ జనానికి కనిపించాడు, ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి అతనితో కలిసి ఆడాడు, కార్యక్రమం సాఫీగా ముగిసింది. తెలుగువాళ్లకు ఓర్పు ఎక్కువని దీన్నిబట్టి చంకలు గుద్దుకోవడం తప్పు. ఉప్పల్‌లోనూ అతన్ని మూసేసి ఉంటే మన కుర్చీలూ విరిగేవే. సాల్ట్ లేక్‌లో హద్దును ముందు దాటింది గ్యాలరీలోని కుర్రాళ్లు కాదు. మెడలో పాసు వేసుకుని, తనకు పని లేని చోట నిలబడి ఫొటోలు దిగినవాళ్లు. కుర్చీ విరగ్గొట్టినవాడి తప్పు తప్పే, కానీ శిక్ష అతనితో ఆగిపోతే రేపు మళ్లీ అదే జరుగుతుంది.

నిజామాబాద్ పట్టణానికి పిడికిలి విషయంలో ఇంకో పేరుంది. బాక్సర్ నిఖత్ జరీన్ కూడా తాళ్ల మధ్యనే కొడుతుంది, తాళ్ల మధ్యనే దెబ్బ తింటుంది. 2019 డిసెంబరు 28న ఢిల్లీలో ఒలింపిక్ క్వాలిఫయర్‌కు జట్టును ఎంపిక చేసే బౌట్ జరిగింది. నిఖత్ ఎదుట మేరీ కోమ్. ఈ బౌట్ పెట్టాల్సిందేనని అడిగింది నిఖత్, క్రీడా మంత్రికి ఉత్తరం రాసి మరీ. మేరీ కోమ్ 9-1తో గెలిచింది. గెలిచాక చెయ్యి కలపలేదు. రింగ్ బయట తెలంగాణ బాక్సింగ్ సంఘంవాళ్లు తీర్పు మీద గొడవకు దిగారు.

మేరీ కోమ్ గొప్పతనం మీద నాకు రవ్వంత సందేహం లేదు. అయినా ఆ రోజు ఆమె చేసింది తప్పు. అర్హత తేల్చుకుందాం రమ్మనడం అవమానించడం కాదు, క్రీడాకారిణిగా నిఖత్‌కున్న హక్కు. మనవాళ్లు రింగ్ పక్కన చేసిన గోలా తప్పే. అది నిఖత్‌కు మేలు చేయలేదు, ఆమె ఓటమికి మచ్చ తెచ్చింది. ఆ రోజు ఆ ముగ్గురిలో నిబ్బరంగా ఉన్నది ఓడిన అమ్మాయే. 2022 మేలో ఇస్తాంబుల్‌లో ప్రపంచ చాంపియన్ అయ్యాక ఆమే మేరీ కోమ్‌ను కలిసి, ఆ ఫొటోను అందరికీ చూపింది. ఇక్కడ హున్సాతో పోలిక నాకు ముఖ్యం. బాక్సింగ్‌కు వైద్యుడున్నాడు, రిఫరీ ఉన్నాడు, గ్లౌజులున్నాయి, రాసిపెట్టిన నియమాలున్నాయి. కానీ చెయ్యి కలపడం మాత్రం మనిషి ఇష్టానికి వదిలారు. హున్సాలో వైద్యుడు లేడు, గ్లౌజు లేదు. అలాయ్ బలాయ్ మాత్రం ఆటలో భాగం, అది లేకుండా ఆట ముగిసినట్టు కాదు.

అందుకని హున్సాను నెత్తిన పెట్టుకోమని నేననను. ఆట ఆపితే ఊరికి కీడు జరుగుతుందన్న నమ్మకం ఉన్నచోట, నాకు ఇష్టం లేదని ఒక కుర్రాడు తాడు దగ్గరి నుంచి తప్పుకోవడం ఎంత కష్టమో ఊరి పెద్దలు ఆలోచించాలి. కంటికి తగిలిన దెబ్బకు బూడిద మందు కాదు. తాగి వచ్చినవాడు తాడు పట్టుకున్నా వదిలేసినా ఒకటే. ఇప్పుడు చుట్టూ నిలబడి సెల్‌ఫోన్లు ఎత్తేవాళ్లంతా ఊరివాళ్లు కారు. వాళ్లకు మర్నాడు ఎవరి ముఖమూ చూడాల్సిన పని లేదు. నేను చెప్పిన ఎరుక సడలేది అక్కడే.

ఇలాంటి చిక్కును ఫ్లోరెన్స్ నగరం దాటింది. అక్కడ కాల్చో స్టోరికో అనే పాత ఫుట్‌బాల్ ఉంది. సాంతా క్రోచే చౌరస్తాలో ఇసుక పోసి, జట్టుకు 27 మంది చొప్పున 50 నిమిషాలు ఆడతారు. గుద్దవచ్చు, పడదోయవచ్చు, కుస్తీ పట్టవచ్చు. నగరంలోని నాలుగు పేటలకు నాలుగు జట్లు: నీలం, ఎరుపు, తెలుపు, ఆకుపచ్చ. ఆటగాళ్లకు డబ్బు రాదు, గెలిచిన పేటకు కియానినా జాతి పశువు బహుమానంగా ఉండేది. 1530లో చక్రవర్తి సైన్యం నగరాన్ని ముట్టడించిన రోజుల్లోనూ శత్రువు చూస్తుండగా ఆడారని వాళ్లు గర్వంగా చెప్పుకుంటారు. 2006లో మాత్రం ఆట మొదలవగానే అది పెద్ద కొట్లాటగా మారి కేసుల దాకా పోయింది. 2007లో ఆట ఆపేశారు. తర్వాత నియమాలు బిగించి మళ్లీ మొదలుపెట్టారు: హింస నేరాల్లో శిక్ష పడ్డవాళ్లకు చోటు లేదు, ఒకరి మీద ఇద్దరు పడకూడదు, తల మీద తన్నకూడదు. పక్కనే వైద్య సిబ్బంది ఉంటారు.

అక్కడి ఆటను చూడటానికి దేశదేశాల నుంచి జనం టికెట్ కొని వస్తారు. పుస్తకాల్లో అది చరిత్ర. దానికీ హున్సా ఆటకూ మూలం ఒకటే: ఇరుగుపొరుగువాళ్లు ఏడాదికోసారి, తమకు తెలిసిన కట్టుబాటులో, ఒళ్లు పణంగా పెట్టి తలపడటం. ఫ్లోరెన్స్ తన ఆటను సిగ్గుపడి దాచలేదు, అలాగని ఉన్నదున్నట్టు వదిలేయనూ లేదు. ఒక ఏడాది ఆపి, కూర్చుని మాట్లాడి, దిద్దుకుంది. మన దగ్గర పోలీసులది ఒకటే మాట, అనుమతి లేదు. ఊరిదీ ఒకటే మాట, ఆపేది లేదు. మధ్యలో ఎవరూ కూర్చోరు.

కూర్చుంటే మాట్లాడాల్సినవి ఎన్నో లేవు. పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లు, తాగినవాళ్లు తాడు దగ్గరికి రాకూడదు. కడియాలు, ఉంగరాలు ముందే తీసేయాలి. బోధన్ ఆసుపత్రి నుంచి ఒక డాక్టరు, ఒక అంబులెన్సు సాయంత్రం నుంచే ఊళ్లో ఉండాలి. ఆడనన్నవాణ్ణి ఎవరూ ఒక్క మాట అనకూడదు. బయటి నుంచి వచ్చినవాళ్లను దూరంగా నిలబెట్టే పని ఊరి యువకులే తీసుకోవాలి. హోలీకి నెల ముందే ఊరి పెద్దలు, బోధన్ పోలీసులు ఒక చోట చేరితే ఒక్క పూటలో తేలే పని ఇది.