కృష్ణపట్నం రేవు: కేస్ స్టడీ బోధనలో ఒక లోపం

నెల్లూరు తీరంలోని కృష్ణపట్నం రేవు విక్రయం కార్పొరేట్ ఆర్థిక నిర్ణయాల బోధనకు అనువైన కేసు. దానిని విజయగాథగా చదివించడం మాత్రం లోపభూయిష్టం. 2020 జనవరిలో అదానీ పోర్ట్స్ 75 శాతం వాటా కొనుగోలు ప్రకటించినప్పుడు ఎంటర్‌ప్రైజ్ విలువ రూ.13,572 కోట్లు, కోవిడ్ నేపథ్యంలో అక్టోబరు నాటికి రూ.12,000 కోట్లు. 2021 ఏప్రిల్‌లో మిగిలిన 25 శాతానికి రూ.2,800 కోట్లు, ఎంటర్‌ప్రైజ్ విలువ రూ.13,675 కోట్లు. వాటా ధరను నాలుగింతలు చేస్తే రూ.11,200 కోట్లే. తక్కిన రూ.2,475 కోట్లు ఏమిటి? ఈక్విటీకి నికర అప్పు కలిస్తేనే ఎంటర్‌ప్రైజ్ విలువ అన్న సూత్రం (పాఠ్యపుస్తకంలో అది ఒక్క పంక్తి) ఈ ప్రశ్నతోనే బోధపడుతుంది. ఫలితం ముందే తెలిసిన విద్యార్థి నిర్ణేత కాడు, వ్యాఖ్యాత మాత్రమే. కనుక కేసును 2020 అక్టోబరు వద్ద ఆపి, తగ్గిన ధరకు అమ్మాలా, వేచి ఉండాలా అని విక్రేత పక్షాన అడగాలి.