ఆరు నుంచి పదకొండు దాకా

2020 మార్చి 25న శార్వరి ఉగాది. ముందురోజు కొత్త అమావాస్య. ఆ రాత్రి ఎనిమిదింటికి ప్రధాని టీవీలో కనిపించి దేశమంతా 21 రోజులు గడప దాటొద్దని చెప్పారు. మన రాష్ట్రంలో అప్పటికే ఆంక్షలు మొదలయ్యాయి. అయినా ప్రసంగం ముగిసీ ముగియకముందే దేశమంతటా జనం కిరాణా కొట్ల మీద పడ్డారు. వేపపువ్వు, మామిడికాయ, కొత్త చింతపండు కొనాల్సిన పూట బియ్యం బస్తాలు, నూనె ప్యాకెట్లు ఎత్తుకున్నారు. దీన్ని జనం అత్యాశ అనీ, మనవాళ్లకు క్రమశిక్షణ లేదనీ తేల్చేసిన వ్యాఖ్యలు అప్పట్లో కోకొల్లలు. ఆ తీర్పు తప్పని నా అభిప్రాయం. ఆ తొలి వారాల్లో అంగళ్ల ముందు కనిపించిన గుంపులకు మనుషుల బుద్ధి కంటే కొట్టు తెరిచే వేళలే పెద్ద కారణం. రోగాన్ని ఆపుదామని దుకాణాల సమయం కుదించారు. ఆ కుదింపే మనుషుల్ని ఒకరి మీదికి ఒకరిని తోసింది. విశాఖ శివార్లలోని దువ్వాడ లాంటి షిఫ్టుల ఊళ్లో ఈ సంగతి అందరికంటే స్పష్టంగా తెలుస్తుంది.

ఆంధ్రప్రదేశ్‌లో మొదట నిత్యావసరాలకు ఉదయం 6 నుంచి మధ్యాహ్నం 1 దాకా అనుమతి ఉండేది. మార్చి నెలాఖరుకల్లా పట్టణాల్లో దాన్ని 11 గంటలకు ఆపేశారు. వినడానికి తగ్గింది రెండు గంటలే. ఒక మామూలు పచారీ కొట్టు మీద లెక్క కట్టి చూద్దాం. తూకం వెయ్యడం, పొట్లం కట్టడం, డబ్బు తీసుకుని చిల్లర ఇవ్వడం కలిపి మనిషికి మూడు నిమిషాలు పడుతుందనుకుంటే గంటకు 20 మందిని పంపగలరు. ఆ వీధిలో రోజూ కొనాల్సినవాళ్లు 140 మంది అనుకోండి. ఏడు గంటలైతే అందరికీ సరిపోతుంది, కొట్టు ముందు ఇద్దరు ముగ్గురికి మించి నిలబడాల్సిన పనిలేదు. ఐదు గంటలైతే 100 మందికే సరుకు అందుతుంది. షట్టరు దించే వేళకు 40 మంది ఇంకా రోడ్డు మీదే ఉంటారు. ఈ కబురు మర్నాటికల్లా వీధంతా పాకుతుంది. ఇక ఎవరూ తీరిగ్గా తొమ్మిదింటికి రారు, అందరూ తెల్లారకముందే వచ్చి నిలబడతారు. రెండు గంటలు కోసేస్తే గుంపు దామాషాగా కొంచెం పెరిగి ఊరుకోదు. వచ్చేవాళ్ల వేగం కొట్టువాడి చేతి వేగాన్ని దాటిన క్షణం నుంచి వరుస పెరుగుతూనే పోతుంది. రైల్వే బుకింగ్ కౌంటర్ దగ్గర నిలబడ్డ ఎవరికైనా ఈ సూత్రం తెలుసు. ఉత్తర్వులు రాసినవాళ్లు కూడా ఎప్పుడో ఒకప్పుడు టికెట్ కోసం నిలబడే ఉంటారు.

ఇప్పుడు దువ్వాడకు వద్దాం. రైల్వే స్టేషన్ పుణ్యమాని ఊరి పేరు దేశమంతా వినపడుతుంది గానీ, ఇక్కడి బతుకును నడిపేది పక్కనున్న ఉక్కు కర్మాగారం, ప్రత్యేక ఆర్థిక మండలి, కాస్త దూరంలో పరవాడ ఫార్మా కంపెనీలు, సింహాద్రి థర్మల్ కేంద్రం. బ్లాస్ట్ ఫర్నేసుకు సెలవు ఇవ్వలేం. కోక్ ఓవెన్ బ్యాటరీని చల్లారనిస్తే లోపలి సిలికా ఇటుకలు బీటలు వారతాయి. అందుకే మార్చి 24న కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలే నిరంతరాయంగా నడవాల్సిన పరిశ్రమలకు రాష్ట్రం అనుమతితో వెసులుబాటు ఇచ్చాయి. కరెంటు, రేవు సరేసరి. అంటే దేశమంతా ఇంట్లో కూర్చున్న రోజుల్లో కూర్మన్నపాలెం, వడ్లపూడి, దువ్వాడ, అగనంపూడి వైపు ఇళ్లలో చాలామంది డ్యూటీకి వెళ్లాల్సినవాళ్లే. ఏ షిఫ్టు ఉదయం 6 నుంచి మధ్యాహ్నం 2 దాకా. ఆ మనిషి గేటు దాటి లోపలికి వెళ్లేటప్పటికి కొట్లు అప్పుడే తెరుస్తుంటారు, బయటికి వచ్చేసరికి మూసేసి మూడు గంటలవుతుంది. సి షిఫ్టు రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా. రాత్రంతా వేడి దగ్గర పనిచేసిన మనిషి నిద్ర మానుకుని సంచి పట్టుకుని వరుసలో చేరాలి. బి షిఫ్టువాడొక్కడే అదృష్టవంతుడు. ఇంట్లో మరో మనిషి ఉంటే సరే. శ్రీకాకుళం, విజయనగరం నుంచీ, ఒడిశా, బీహార్‌ల నుంచీ వచ్చి అద్దె గదుల్లో ఉంటున్న కాంట్రాక్టు కార్మికుల సంగతేమిటి? మెస్సులు, టిఫిన్ బళ్లు మూతపడ్డాక అంతకుముందు పొయ్యి వెలిగించని ఆ గదులు కూడా ఉప్పూ పప్పూ కొనాల్సిన ఇళ్లయ్యాయి. కొనేవాళ్లు పెరిగారు, కొనే వేళ తగ్గింది.

కొట్ల ముందు సున్నంతో గీసిన గుండ్రాలు ఆ కాలానికి గుర్తుగా అందరికీ జ్ఞాపకం ఉంటాయి. వాటిని దగ్గరగా చూస్తే తెలిసేది వేరు. ఎండ ఎక్కేకొద్దీ గుండ్రంలో మనిషి ఉండడు, సంచి ఉంటుంది. ఒకదాంట్లో ప్లాస్టిక్ బుట్ట, ఒకదాంట్లో చెప్పుల జత, ఇంకోదాంట్లో రాయి కింద పెట్టిన రేషన్ కార్డు జిరాక్సు. మనుషులంతా పక్కనున్న వేపచెట్టు నీడలో భుజానికి భుజం ఆనించి కబుర్లాడుతుంటారు. దూరం పాటించింది సంచులే. దీన్ని చూసి నవ్వుకోవడం తేలిక. ఏప్రిల్ ఎండలో గంటసేపు రోడ్డు మధ్య నిలబడమంటే ఎవరైనా చేసేది అదే. వరుస పది నిమిషాలదైతే గుండ్రంలో మనిషే నిలబడతాడు.

కుదించిన వేళ ఇంకో పని కూడా చేసింది, కొనే పద్ధతినే మార్చేసింది. కూరగాయలు కొనడం మనవాళ్లకు వంట పట్టిన విద్య. బెండకాయ కొస విరిచి చూస్తారు, వంకాయ తొడిమ దగ్గర పుచ్చు వెతుకుతారు, సొరకాయను గోటితో గిచ్చి లేతదో ముదురో పోల్చుకుంటారు, బేరమాడి చివర్లో కొత్తిమీర కొసరు అడుగుతారు. ఇదంతా సమయం ఉంటేనే. వెనకాల పాతికమంది తోసుకొస్తున్నప్పుడు, పోలీసు జీపు సైరన్ వినిపిస్తున్నప్పుడు కుప్పలోంచి చేతికి అందింది సంచిలో వేసుకోవడమే. అరకిలో చాలినవాళ్లు రెండు కిలోలు కొన్నారు, రేపు వరుసలో మన వంతు వస్తుందో రాదో కదా! సరుకు లేదన్న భయం కంటే, సరుకు దాకా చేరే టైము లేదన్న భయం ఎక్కువ పనిచేసింది. కానీ రెండింటి ఫలితం ఒకటే: వచ్చినవాడు ఎక్కువ కొంటాడు, కొట్టు త్వరగా ఖాళీ అవుతుంది, ధర లేస్తుంది, మర్నాడు జనం ఇంకా ముందే వస్తారు. అధికారులు ధరల బోర్డులు పెట్టించారు. మంచిదే. ధర పెంచే హడావిడిని మాత్రం తమ ఉత్తర్వే పుట్టిస్తోందని గమనించలేదు.

ఇంతా చేసి ఇంటికొచ్చాక మరో తంతు. కూరగాయలను ఉప్పు, పసుపు నీళ్లలో ముంచడం, పాల ప్యాకెట్‌ను సబ్బుతో తోమడం, నోట్లను ఎండబెట్టడం, కిరాణా సంచిని మూడు రోజులు వరండాలో వదిలేయడం. ఈ మూడు రోజుల లెక్క గాల్లోంచి పుట్టలేదు. ప్లాస్టిక్, స్టీలు మీద వైరస్ 72 గంటల దాకా కనిపించిందని 2020 మార్చిలో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన ప్రయోగశాల ఫలితం అందుకు ఆధారం. ప్రయోగశాలలో వాడినంత వైరస్ మామూలు వస్తువుల మీద ఉండదనీ, ఈ ముప్పును అతిగా చూస్తున్నారనీ అదే ఏడాది జులైలో ఇమాన్యుయేల్ గోల్డ్‌మన్ అనే సూక్ష్మజీవశాస్త్రవేత్త లాన్సెట్ అంటురోగాల పత్రికలో రాశారు. వస్తువును తాకడం వల్ల సోకే అవకాశం సాధారణంగా పదివేలలో ఒకటి కంటే తక్కువని 2021 ఏప్రిల్‌లో అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం చెప్పింది. ఇంట్లో ఆడవాళ్లు కడిగి కడిగి చేతులు పాచిపోయిన ఆ పనికి దక్కిన ఫలం అంతంతమాత్రమే. అసలు ముప్పు పొట్లంలో లేదు, పొట్లం కోసం నిలబడ్డ అరగంటలో ఉంది.

అప్పటికి అదెవరికి తెలుసు, ఇప్పుడు తీరిగ్గా తప్పులు పడుతున్నారు అనవచ్చు. వైరస్ గాలిలో వ్యాపించే తీరు మీద 239 మంది శాస్త్రవేత్తలు బహిరంగంగా గొంతెత్తింది 2020 జులైలోనే, నిజమే. కానీ నా వాదనకు ఆ శాస్త్రమేమీ అక్కర్లేదు. మనిషికీ మనిషికీ దూరం ఉండాలన్నది మొదటి రోజు నుంచీ ప్రభుత్వం చెబుతున్న మాటే. దూరం కావాలంటే ఒక చోట, ఒక వేళ చేరే మనుషులు తగ్గాలి. చోటు విషయంలో మన అధికారులు ఇది బాగా గ్రహించారు. ఇరుకు రైతుబజార్లను విడగొట్టి మైదానాలకు తరలించారు. విశాఖలో ఆ పని చురుగ్గానే జరిగింది, మెచ్చుకోవాలి. రేషన్ విషయంలో వేళను కూడా పంచారు. మార్చి 29న మొదలైన తొలి విడత ఉచిత బియ్యం, కందిపప్పు పంపిణీకి డిపోల ముందు జనం విరగబడితే, ఏప్రిల్ మధ్యలో వచ్చిన రెండో విడతకు వాలంటీర్ల చేత తేదీ, సమయం వేసిన కూపన్లు ఇప్పించారు. అప్పట్లో యాభై ఇళ్లకొక వాలంటీరు ఉన్న రాష్ట్రానికి అది కష్టమేం కాలేదు. డిపో దగ్గర తెలిసిన కిటుకు పక్కనున్న పచారీ కొట్టు దగ్గరికి వచ్చేసరికి ఎలా మరుపున పడింది?

ఇంతకంటే గట్టి అభ్యంతరం ఒకటుంది. రోజంతా కొట్లు తెరిచి ఉంచితే సరుకుల సాకుతో జనం రోజంతా తిరుగుతారు, అంతసేపు కాపలా కాయడానికి పోలీసులు చాలరు. ఇందులో నిజం ఉంది. పాల ప్యాకెట్ చేతిలో పట్టుకుని ఊరంతా చుట్టొచ్చిన మహానుభావులు అన్ని కాలనీల్లోనూ ఉన్నారు. కానీ తిరుగుళ్లను ఆపడానికి వేరే పగ్గాలున్నాయి. ఇంటికొక్కరే రావాలనడం ఒకటి. తెలంగాణలో పెట్టినట్టు మూడు కిలోమీటర్ల లోపే కొనుక్కోవాలనడం ఇంకొకటి. కేరళ తొలి లాక్‌డౌన్‌లోనే నిత్యావసరాలకు ఉదయం 7 నుంచి సాయంత్రం 5 దాకా అనుమతి ఇచ్చింది, అక్కడేమీ ఆంక్షలు నీరుగారిపోలేదు. ఏప్రిల్ 15న కేంద్ర హోంశాఖ ఇచ్చిన మార్గదర్శకాలైతే సూటిగానే చెప్పాయి: కిరాణా దుకాణాలు, తోపుడు బళ్లు, రేషన్ డిపోలు దూరం పాటిస్తూ పనిచేయవచ్చు, తెరిచే మూసే వేళలపై ఆంక్షలు అక్కర్లేదు. పోలీసుల శ్రమ సంగతికొస్తే, పదకొండుకి పావుగంట ముందు కూడలిలో వందల మందిని చెదరగొట్టడం తేలికా, రోజు పొడుగునా పదిమంది చొప్పున చూసుకోవడం తేలికా? లాఠీ ఎక్కువ లేచింది ఆ చివరి పావుగంటలోనే.

వేళలు బిగిస్తే ఏమవుతుందో చూపించిన ఉదాహరణలు ఇరుగుపొరుగునే ఉన్నాయి. చెన్నైతో సహా కొన్ని నగరాల్లో ఏప్రిల్ 26 నుంచి నాలుగు రోజులు పూర్తిగా మూసేస్తామని తమిళనాడు ప్రకటించింది. 25వ తేదీ శనివారం చెన్నై జనం సరుకుల కోసం ఎగబడ్డారు. ఆ కొద్ది రోజుల్లోనే కోయంబేడు టోకు మార్కెట్ పెద్ద కేసుల పుట్టగా బయటపడింది, మే 5న దాన్ని మూసేశారు. అక్కడికి కూరగాయల లోడ్లతో వెళ్లొచ్చినవాళ్ల ద్వారా చిత్తూరు, నెల్లూరు జిల్లాల్లోనూ కేసులు వచ్చాయి. ఆ శనివారం ఒక్కటే దీనంతటికీ కారణమని నేననను, ఇరుకు టోకు మార్కెట్‌లో అంతకుముందే రాజుకుని ఉండొచ్చు. కానీ మూత వేస్తామన్న కబురు జనాన్ని ఎక్కడికి నెడుతుందో అది చూపించింది. నలభై రోజుల మూత తర్వాత మే 4న మద్యం దుకాణాలు తెరిచినప్పుడు మన రాష్ట్రంలో కిలోమీటర్ల వరుసలు కట్టిందీ ఈ కారణంగానే. ధర 25 శాతం, ఆపైన ఇంకో 50 శాతం పెంచినా వరుస తగ్గలేదు. ఇన్ని చూశాక కూడా 2021 మేలో రెండో ఉద్ధృతి వచ్చినప్పుడు మనవాళ్లు 6 నుంచి 12 అన్నారు, తెలంగాణవాళ్లు 6 నుంచి 10 అన్నారు. నాలుగు గంటల్లో హైదరాబాద్ మార్కెట్లు తిరునాళ్లను తలపించాయి. నెలాఖరుకు మధ్యాహ్నం దాకా, జూన్‌లో సాయంత్రం దాకా పెంచక తప్పలేదు. కేరళ సైతం ఆ ఏడాది కొట్లు తెరిచే రోజులను కుదించినప్పుడు, దానివల్ల గుంపులే పెరుగుతున్నాయని అక్కడి వైద్యుల సంఘమే అభ్యంతరం చెప్పింది.

ఒక్క అభ్యంతరానికి మాత్రం నా దగ్గర పూర్తి జవాబు లేదు. అది కొట్టువాళ్లది. మన వీధి కిరాణా అంటే భార్యాభర్తలు, ఒక కుర్రాడు. మాస్కులు కూడా దొరకని రోజుల్లో రోజంతా గల్లా దగ్గర కూర్చోమంటే వాళ్ల ప్రాణానికి పూచీ ఎవరిది? పదకొండింటికి షట్టరు దించుకునే వీలు వాళ్లకు కొంత ఊరటే. కాకపోతే ఒకేసారి ముప్పైమంది ముఖం మీదికి వచ్చే ఐదు గంటల కంటే ఇద్దరేసి వచ్చే పది గంటలు మేలని నా ఊహ, పైగా ఒక వీధిలో నాలుగు కొట్లుంటే రెండు ఉదయం, రెండు సాయంత్రం తెరిస్తే ఎవరూ పది గంటలు కూర్చోనక్కర్లేదు. వాట్సాప్‌లో సరుకుల చీటీ పంపితే కట్టి ఉంచే పద్ధతిని ఆ రోజుల్లో కొట్టువాళ్లే అలవాటు చేశారు. చీటీ చూసి మధ్యాహ్నం తీరిగ్గా కట్టి, సాయంత్రం షిఫ్టు దిగినవాడికి అందించే వీలుంటే అది ఇంకెంత ఉపయోగపడేదో!

విశాఖ కలెక్టరేట్‌లోనూ, మహానగరపాలక సంస్థలోనూ విపత్తు ప్రణాళికలు రాసేవాళ్లకు ఒక మనవి. తుపానుల కోసం రాసుకున్న పేజీల పక్కన ఇలాంటి రోగాల కోసం ఒక పేజీ చేర్చండి. నిత్యావసర దుకాణాలు ఉదయం 6 నుంచి సాయంత్రం 6 దాకా, వీధిలోని కొట్లు వంతులవారీగా, రేషన్‌కు మొదటి విడత నుంచే సమయం వేసిన కూపన్లు అని అందులో రాయండి. గాజువాక, దువ్వాడ ప్రాంతాలకు వేళలు ఖరారు చేసే ముందు ఉక్కు కర్మాగారం షిఫ్టుల పట్టిక తెప్పించుకుని చూడండి.