రెండో చేతి బిందెలు

జుమ్మెరాత్ బజార్‌కి గురువారం పొద్దున్నే వెళ్తే బేరం కుదురుతుందని చెప్పింది మా అమ్మాయే. పెళ్ళికూతురు తన పెళ్ళికి ఇత్తడి బిందెల కోసం పాత సామాన్ల సంతలో తిరగడం మా ఇంటావంటా లేదు. కొత్తవి కావాలంటే బేగం బజార్ ఎంతో దూరం లేదు. కానీ ఖర్చుల పుస్తకంలో భోజనాల పేజీ ఒక్కటే ధారాళంగా రాసుకున్నాం. "వచ్చినవాళ్ళకి కడుపు నిండా పెడదామమ్మా, మిగతావాటికి కాళ్ళరిగేలా తిరుగుదాం" అంది.

కొత్త బిందె కొనడానికి డబ్బుంటే చాలు. పాతదానికి కళ్ళూ చెవులూ కూడా కావాలి. వేలి కణుపుతో కొడితే ఖంగుమనాలి, బొంగురుగా పలికితే ఎక్కడో పగులున్నట్టే. అడుగున మాటు వేశారేమో తడిమి చూడాలి. ఇత్తడిని తూకానికి అమ్ముతారు కాబట్టి అంటుకున్న మట్టీ సున్నమూ కూడా తూగుతాయి. గీకించాకే కాటా ఎక్కించాలి. ఇవేవీ తెలియక నేను మొదటివారం తెచ్చిన బిందెలో రాత్రి నీళ్ళు పోసి ఉంచితే, తెల్లారేసరికి వంటింటి గచ్చు తడిసింది. అదిప్పుడు వాకిట్లో బంతి మొక్కకి కుండీ. రెండోసారికి జత దొరికింది.

ఇక కళాయి. కళాయి లేని ఇత్తడిలో పులుపు పోస్తే చిలుమెక్కుతుంది, తాగే పానకానికీ లోపల తెల్లగా ఉండాల్సిందే. కళాయి వేసే మనిషి దొరకడమే ఈ రోజుల్లో కష్టం. దొరికాక మాత్రం ఆ పని చూసి తీరాలి. బిందెని నిప్పుల మీద కాల్చి, నవాసాగరం చల్లి, గుప్పున తెల్లటి పొగ లేవగానే తగరం ముక్క రాస్తాడు. కరిగినదాన్ని గుడ్డతో చుట్టూ తిప్పుతాడు. రెప్పపాటులో లోపలంతా వెండి.

పెళ్ళికి ఏది కొత్తది, ఏది పాతదైనా ఫరవాలేదు అని ముందే గీత గీసుకున్నాం. మధుపర్కాలు, మట్టెలు, గాజులు కొత్తవే. పీటలు, గంధపు గిన్నె, పన్నీరు బుడ్డి పాతవి. నా పెళ్ళి పట్టుచీర మడతల దగ్గర చీలిపోయి కట్టుకోవడానికి పనికిరాలేదు, బాగున్న మేర కత్తిరించి అడ్డతెర చేశాం. రిసెప్షన్‌కి అల్లుడి షేర్వానీ ఇంకో పెళ్ళికొడుకు ఒకే ఒక్క సాయంత్రం తొడుక్కున్నది. భుజాల దగ్గర కొంచెం పట్టిస్తే సరిపోయింది.

వీటన్నిటికీ ఊరుకున్న మా పెద్దమ్మ బిందెల దగ్గర ఆగిపోయింది. "ఎవరింటివో, ఏ కష్టమొచ్చి అమ్ముకున్నారో! వాటిల్లో పానకం పోసి విడిదికి పంపుతావుటే?"

పాతవని ఆవిడ బాధ అనుకుంటే పొరపాటు. అమ్మాయి పుస్తెలు మా అమ్మ గాజులు కరిగించి చేయించినవే. బంగారం ఎన్ని చేతులు మారినా దాన్ని సెకండ్ హ్యాండ్ అన్నవాళ్ళు లేరు. పెద్దమ్మ బీరువాలో ఇంద్రకీలాద్రి మీద కొన్న అమ్మవారి చీర ఉంది. ఎవరో భక్తురాలు సమర్పించినది, దేవస్థానం వాళ్ళు అమ్మితే కళ్ళకద్దుకుని తెచ్చుకుంది. ఏటా దసరాకి అదే కడుతుంది. అమ్మమ్మ చెయ్యి మారితే ఆస్తి, అమ్మవారి చెయ్యి మారితే ప్రసాదం. ముక్కూ మొహం తెలియని మనిషి చెయ్యి మారితేనే అది పాత సామాను. ఎందుకంటే ఆ వస్తువుతోపాటు ఆ మనిషి కష్టం కూడా మన గడప తొక్కుతుందేమోనని భయం.

ఈ మాటలన్నీ పెద్దమ్మతో అనలేదు. చింతపండు పెట్టి బిందె తోముతూ కూర్చున్నాను. నలుపు వదిలేకొద్దీ మెడ కింద చుక్కల అక్షరాలు బయటపడ్డాయి. చి.ల.సౌ. అన్నంతవరకే తెలుస్తోంది, పేరు అరిగిపోయింది. పక్కన 1968.

పెద్దమ్మ కళ్ళజోడు పెట్టుకుని వంగి చూసింది. "నాకంటే రెండేళ్ళు ముందు పెళ్ళికూతురు" అంది. కాసేపాగి, "నా కావిడి బిందెల మీదా ఇలాగే కొట్టించారు మా నాన్న. మీ పెదనాన్న ఆపరేషనప్పుడు అమ్మేశాం. కాటా మీద పెడుతుంటే ఎన్ని కిలోలో కూడా చూడలేదు నేను."

నేను తోమడం ఆపేశాను.

"చూస్తావేం? పసుపు గిన్నె ఇలా తే" అంది. బిందె మెడ చుట్టూ పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టింది. అక్షరాల దగ్గరకొచ్చేసరికి మాత్రం, అవి మూసుకుపోకుండా వేలు పక్కకి జరిపింది.