ప్రభువు బల్ల, ఊరి పంక్తి

షికాగోకు వాయవ్య దిక్కున ఉన్న షామ్‌బర్గ్ అమెరికా తెలుగువారికి కొత్త ఊరు కాదు. అక్కడి కంపెనీ కార్యాలయాలు, వుడ్‌ఫీల్డ్ అంగళ్ళ సముదాయం, అపార్ట్‌మెంట్ల వరుసలు వారికి చిరపరిచితాలు. ఊరి పాత చరిత్ర మాత్రం అంతగా తెలియదు. పందొమ్మిదో శతాబ్దం నడుమ, జర్మనీలోని షామ్‌బర్గ్-లిప్పె ప్రాంతం నుంచి భూమి కోసం వలస వచ్చిన రైతులు స్థిరపడిన పల్లె అది. 1850లో తమ స్వదేశపు పేరునే టౌన్‌షిప్‌కు పెట్టుకున్నారు. వారి సెయింట్ పీటర్ లూథరన్ సంఘం 1847లో ఏర్పడింది. 1863లో కట్టుకున్న ఆలయం నేటికీ నిలిచి ఉంది. ఆ సంఘం చెందిన మిస్సోరి సినడ్ కూడా 1847లోనే, ఏప్రిల్ నెలలో, షికాగోలో పుట్టింది. సిద్ధాంతంలో సంపూర్ణంగా ఏకీభవించని వారితో ప్రభువు బల్ల వద్ద పాలు పంచుకోరాదన్నది ఆ సినడ్ ఆచారం.

దీన్ని కేవలం మొండితనంగా కొట్టివేయడం సులభమే కాని న్యాయం కాదు. 1817 సెప్టెంబరు 27న ప్రష్యా రాజు మూడవ ఫ్రెడరిక్ విలియం తన రాజ్యంలోని లూథరన్, రిఫార్మ్‌డ్ సంఘాలను కలుపుతున్నట్టు ప్రకటించాడు. తర్వాతి సంవత్సరాల్లో ఒకే ఆరాధనక్రమాన్ని అందరి మీదా రుద్దబోయాడు. ఎదిరించిన బోధకులు చెరసాలల పాలయ్యారు. వేలాదిమంది అమెరికాకు, ఆస్ట్రేలియాకు ఓడలెక్కారు. మిస్సోరి సినడ్ స్థాపకుల్లో ముఖ్యులు ప్రష్యనులు కారు, సాక్సనీ నుంచి వచ్చినవారు. అయినా ఏలికలు పైనుంచి కట్టబెట్టే ఐక్యత అంటే వారికీ అంతే భయం. కలయిక ఎప్పుడూ శుభమే, విభజన ఎప్పుడూ పాపమే అనే సూత్రంతో సంఘచరిత్రను చదివేవారికి ఈ జర్మన్ వలసకథ ఒక అడ్డంకి.

షామ్‌బర్గ్ గుండా పోయే హిగ్గిన్స్ రోడ్డు తూర్పుగా సాగి షికాగో నగరంలో ప్రవేశిస్తుంది. 1988లో మూడు లూథరన్ సభలు కలిసి ఏర్పరచుకున్న ఎవాంజెలికల్ లూథరన్ చర్చ్ ఇన్ అమెరికా ప్రధాన కార్యాలయం దశాబ్దాలపాటు ఈ రోడ్డు మీదే, ఒహేర్ విమానాశ్రయపు దాపున ఉంది. ఈ రోడ్డుకు ఆ కొసన ఒక లూథరన్ సభ, ఈ కొసన మరో లూథరన్ సభ. ఇద్దరిదీ ఒకే ప్రశ్నోత్తరి, ఒకే ఆగ్స్‌బర్గ్ విశ్వాసప్రమాణం, కాని ఒకే బల్ల కాదు. దాయాదుల మధ్య పలకరింపులుండి పంక్తి కలవనట్టు. తెలుగు పాఠకుడికి ఇందులో ఏమి పని అంటే, రెండవ సభ పూర్వీకులు పంపిన జె. సి. ఎఫ్. హాయరే 1842లో గుంటూరు చేరాడు. అమెరికాలో వారు విడిపోయినప్పుడల్లా, కలిసినప్పుడల్లా కృష్ణా గోదావరి తీరాలలో దాని పర్యవసానం కనిపించింది.

గోదావరి ఉదాహరణ ఇందుకు చాలును. ఉత్తర జర్మన్ మిషనరీలు ఆరంభించిన రాజమహేంద్రవరం మిషను 1850 ప్రాంతంలో అమెరికన్ లూథరన్ల చేతికి వచ్చింది. 1866లో ఫోర్ట్ వేన్ పట్టణంలో, విశ్వాసప్రమాణాలకు ఎంతవరకు కట్టుబడాలన్న వివాదం మీద, జనరల్ సినడ్ చీలింది. మరుసటి యేడు జనరల్ కౌన్సిల్ అనే కొత్త సభ ఏర్పడింది. రాజమండ్రి మిషనును ఆంగ్లికనులకు అప్పగించే ఏర్పాటు జరుగుతున్నదని తెలిసి, 76 ఏళ్ళ హాయర్ 1869లో మళ్ళీ సముద్రం దాటి వచ్చి దాన్ని కౌన్సిల్ పక్షాన నిలబెట్టాడు. ఆ ముసలి బోధకుని దీక్షను ఎంతైనా మెచ్చుకోవచ్చు. ఫలితం మాత్రం ఇది: గుంటూరు లూథరన్లు ఒక సభవారు, రాజమండ్రి లూథరన్లు మరో సభవారు. ఇండియానా రాష్ట్రంలో ఎవరు ఎవరితో ఎందుకు విభేదించారో ఆ రెండు చోట్లా కూలికి పోయే విశ్వాసికి తెలియదు, తెలియవలసిన అవసరమూ లేదు. 1918లో అమెరికాలో ఆ సభలు మళ్ళీ కలిశాయి. 1927లో ఆంధ్ర ఎవాంజెలికల్ లూథరన్ చర్చి ఏర్పడింది. తెలుగువారు తామై తెచ్చుకోని చీలిక, తామై ప్రారంభించని కలయికతోనే మానింది.

మిగిలిన శాఖల సంగతీ ఇంచుమించు ఇదే. ఒకరి పొలంలోకి ఒకరు దిగకూడదని మిషనరీ సంస్థలు చేసుకున్న ఒప్పందాలు తెలుగుదేశాన్ని పంచాయి. నెల్లూరు, ఒంగోలు అమెరికన్ బాప్టిస్టులవి. బందరు, ఏలూరు చర్చి మిషనరీ సొసైటీది. నంద్యాల ఆంగ్లికనులలోనే మరో సంస్థ అయిన ఎస్.పి.జి.ది, కడప, జమ్మలమడుగు లండన్ మిషనుది, మెదకు వెస్లియన్ మెథడిస్టులది, నరసాపురం బ్రదరెన్‌ది. బాప్తిస్మం ముంచి ఇవ్వాలా చిలకరించి ఇవ్వాలా అన్న మహావివాదంలో ఒక విశ్వాసి ఏ పక్షమో అతని మనస్సాక్షి కన్న ముందే అతని ఊరి పొలిమేర నిర్ణయించింది.

ఈ అసంబద్ధతను అందరికన్న పదునుగా గ్రహించినవాడు వేదనాయకం శామ్యూల్ అజరయ్య. తిరునల్వేలి జిల్లా తమిళుడు, 1909లో దోర్నకల్ చేరాడు. 1912 డిసెంబరు 29న భారతీయులలో మొదటి ఆంగ్లికన్ బిషప్పుగా అభిషిక్తుడయ్యాడు. 1919 మే నెలలో తరంగంబాడిలో సమావేశమైన బోధకులు ఐక్యతకై విడుదల చేసిన ప్రకటన వెనుక ప్రధానంగా ఆయనా, సౌత్ ఇండియా యునైటెడ్ చర్చికి చెందిన వి. సంతియాగో ఉన్నారు. పాశ్చాత్య దేశాలలో విభజన ఒక బలహీనత కావచ్చు, క్రైస్తవేతర దేశంలో అది జీవన్మరణ సమస్య అన్న భావాన్ని ఆయన 1927లో లౌసాన్ మహాసభలో వినిపించాడు. చర్చలు 28 ఏళ్ళు నడిచాయి. పీటముడి అంతా బిషప్పుల చుట్టూ: బిషప్పు చేతులుంచి అభిషేకించని బోధకుడు ఇచ్చే రొట్టె, ద్రాక్షారసం చెల్లుతాయా? చివరికి దొరికిన దారి చెప్పుకోదగ్గది. ఉన్న బోధకులందరినీ ఉన్నవారిగానే అంగీకరించారు. ఇకమీదటి అభిషేకాలు మాత్రం బిషప్పుల చేతులమీదుగా జరగాలన్నారు. ఏ స్థానిక సంఘం మీదనూ దాని మనస్సాక్షికి విరుద్ధమైన పరిచర్యను, ఆరాధనను రుద్దబోమని మాట ఇచ్చారు. 1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జి కెథీడ్రల్‌లో దక్షిణ ఇండియా సంఘం అవతరించింది. ప్రష్యా రాజు ప్రకటనకు సరిగ్గా 130 ఏళ్ళు. తేదీ కలవడం యాదృచ్ఛికమే; రాజు మరచిన మాటనే ఈ సంఘం తన పునాదిలో రాసుకోవడం యాదృచ్ఛికం కాదు. అజరయ్య ఆ రోజు చూడలేదు. 1945 జనవరి 1న మరణించాడు.

ఈ చరిత్రను రాసిన వారిలో ఇద్దరిని పక్కపక్కన పెట్టి చదవాలి. స్వీడన్‌కు చెందిన బెంగ్ట్ సుండ్‌క్లర్ 1954లో ప్రచురించిన గ్రంథం 1900 నుంచి 1947 వరకు నడిచిన ఐక్యతా ఉద్యమానికి ప్రామాణిక చరిత్ర. సమావేశాలు, ముసాయిదాలు, ఉత్తరాలు, లండన్ అభ్యంతరాలు అన్నీ అందులో శ్రద్ధగా నమోదయ్యాయి. దాని పరిధి కూడా అదే. ఆ పుస్తకం మూసేసరికి ఐక్యత అనేది బల్ల చుట్టూ కూర్చున్న విద్వాంసులు పరిష్కరించిన చిక్కులెక్కలా అనిపిస్తుంది. సూసన్ బిల్లింగ్టన్ హార్పర్ 2000లో వెలువరించిన అజరయ్య జీవితచరిత్ర దోర్నకల్ పల్లెలలోకి నడిపిస్తుంది. మాల, మాదిగల మధ్య ఉన్న వైరం సంఘజీవితంలోకి ఎలా వచ్చి కూర్చుందో అక్కడ కనిపిస్తుంది. అజరయ్య ఒక చేత్తో ఆంగ్లికన్, మెథడిస్టు పీటముడిని విప్పుతూ, రెండో చేత్తో ఈ ముడితో పెనుగులాడాడు. మొదటి పనికి కమిటీలు ఉన్నాయి, నివేదికలు ఉన్నాయి, కాబట్టి చరిత్రకారులూ ఉన్నారు. రెండో పనికి కార్యదర్శి లేడు.

తెలుగులో సంఘచరిత్ర రాసేవారు ఎక్కువగా సుండ్‌క్లర్ దారినే నడిచారు. జయంతి సంచికలు, అధ్యక్ష ఖండాల చరిత్రలు 1947ను గమ్యంగా చిత్రిస్తాయి. ఇది కేవలం అసంపూర్ణత కాదు, తప్పుదారి. విదేశం నుంచి దిగుమతైన విభేదాన్ని తీర్మానంతో తొలగించవచ్చు. ఎందుకంటే దానికి ఇక్కడి నేలలో వేరు లేదు. ఊళ్ళో పుట్టిన విభేదానికి వేరుంది. పైగా శాఖాభేదం, కులభేదం వేర్వేరు గదుల్లో ఉండలేదు. పొలిమేరలు పంచుకున్న మిషనులు ఒక్కో చోట ఒక్కో కులం నుంచి ఎక్కువమందిని చేర్చుకున్నాయి. ఒంగోలులో జాన్ క్లౌ వద్దకు మాదిగలు వచ్చినప్పుడు, వారిని చేర్చుకుంటే తాము రామని పై కులాలవారు చెప్పారు. క్లౌ దంపతులు మాదిగల పక్షాన నిలబడ్డారు. 1878 జులై 3న ఒక్కరోజున 2,222 మందికి బాప్తిస్మమిచ్చిన సంఘం అట్లా ప్రధానంగా మాదిగ సంఘమయింది. గుంటూరు, కృష్ణా మండలాల లూథరన్, ఆంగ్లికన్ సంఘాలలో మాలలు అధికసంఖ్యాకులు. అందువల్ల బాప్టిస్టు అన్నా లూథరన్ అన్నా పల్లెలో వినిపించే అర్థం వేదపండితుడు ఇచ్చే అర్థం కాదు. బాప్టిస్టులు దక్షిణ ఇండియా సంఘంలో చేరకపోవడానికి బాప్తిస్మ సిద్ధాంతం నిజమైన కారణమే. ఆ గోడకు ఇవతలా అవతలా ఉన్నవారి కులాలు కూడా వేరు కావడం ఏ నివేదికకూ ఎక్కలేదు.

1930లలో, హిందూమతాన్ని విడుస్తానని ప్రకటించిన తర్వాత, అంబేడ్కర్ అజరయ్యను కలిశాడని, తన వారు క్రైస్తవులైతే ఎక్కడికి వెళ్ళినా ఒకే సంఘంగా ఉండగలరా అని అడిగాడని అజరయ్య గురించి రాసినవారు చెప్తారు. బిషప్పు వద్ద జవాబు లేకపోయింది. ఈ ఉదంతాన్ని సాధారణంగా శాఖల ఐక్యత ఎంత అత్యవసరమో చెప్పడానికి వాడుకుంటారు. అడిగినవాడు ఎవరో గుర్తుంచుకుంటే ప్రశ్న బరువు మారుతుంది. మెథడిస్టు, ఆంగ్లికన్ తేడా గురించి మాత్రమే అడగడానికి అంబేడ్కర్ రానవసరం లేదు.

బయట ఉండిపోయినవారి కథలు కూడా ఇదే చెప్తాయి. నంద్యాల ప్రాంతపు ఎస్.పి.జి. ఆంగ్లికనులలో అధికభాగం 1947లో కొత్త సంఘంలో చేరడానికి నిరాకరించి, 1970ల నడుమ గాని చేరలేదు. లూథరన్లతో 1948లో మొదలైన సంభాషణలు పదేళ్ళకు పైగా సాగాయి. ధర్మశాస్త్రం, సువార్త, ప్రభురాత్రి భోజనం వంటి అంశాల మీద ఉమ్మడి ప్రకటనలు వెలువడ్డాయి. కలవడానికి సిద్ధాంతపరమైన అడ్డు లేదని తేలింది. అయినా కలవలేదు. సిద్ధాంతమే అసలు అడ్డు అయితే అది తొలగిన రోజునే తలుపు తెరుచుకోవాలి. ఆస్తులు, పదవులు, విదేశీ సంబంధాలు, వాటి వెనుక బలగాలు: ఇవి ఏ ఉమ్మడి ప్రకటనకూ లొంగేవి కావు. 1964లో రాజమండ్రిలో స్థాపించి తర్వాత హైదరాబాదుకు తరలించిన ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాలలో లూథరన్, బాప్టిస్టు, దక్షిణ ఇండియా సంఘ విద్యార్థులు ఒకే తరగతిలో ఒకే పాఠం చదువుకుంటారు. పట్టా చేతికి వచ్చాక ఎవరి సంఘం వారిది.

శాఖలే వద్దని బయలుదేరినవారు మరిన్ని శాఖలకు కారణమయ్యారు. 1938లో లూథరన్ సంఘం నుంచి బయటికి వచ్చిన ముంగమూరి దేవదాసు బైబిలు మిషను, 1941లో మద్రాసులో మొదలైన బక్త్ సింగ్ సహవాసాలు ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణలు. వీటి ఆధ్యాత్మిక బలం వేరే చర్చ.

ఇన్ని గోడలను ఎవరి అనుమతీ లేకుండా దాటింది పాట. బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి తెలుగులో కీర్తనలు కట్టిన పురుషోత్తమ చౌదరి (1803–1890) బాప్టిస్టు మిషనరీల ద్వారా క్రైస్తవుడైనవాడు. ఆయన కీర్తనలను లూథరన్లు పాడారు, ఆంగ్లికనులు పాడారు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం శాఖాభేదం లేకుండా ఇంటింటికీ చేరింది. అమెరికాలోనూ తెలుగు సహవాసాలు సాధారణంగా ఈ పుస్తకం చుట్టూనే కూడుతాయి. ఒంగోలు బాప్టిస్టు, గుంటూరు లూథరన్, మెదకు మెథడిస్టు వారసుడు ఒకే హాలులో ఒకే రాగం అందుకుంటారు. షామ్‌బర్గ్ జర్మన్ రైతు మనుమడికి సాధ్యం కాని ఐక్యత వీరికి సునాయాసంగా అబ్బిందని మురిసిపోవచ్చు. ఆ రైతుది నమ్మకంలో ఉన్న పట్టింపు. వీరికి ఆ పట్టింపు మొదటినుంచీ అరువుదే గనుక వదులుకోవడం కష్టం కాలేదు.

తమ సొంతమైన పట్టింపు సంగతి తెలుగు క్రైస్తవుల పెళ్ళి ప్రకటనలలో తెలుస్తుంది. హైదరాబాదులో ఇచ్చినా, అమెరికాలో ఉన్న వరుడి కోసం ఇచ్చినా వాటి తీరు ఒకటే. ఏ సంఘమైనా అభ్యంతరం లేదని రాసిన ప్రకటనలోనే, ఆ మాటకు ముందో వెనకో, కులం పేరు ఉండటం అరుదేమీ కాదు.