వెయ్యి బీడీల నడుము

కోరుట్ల, మెట్‌పల్లి వాడల్లో మధ్యాహ్నం పూట ఏ అరుగు చూసినా అదే పని. మఠం వేసుకొనో కాళ్లు చాపుకొనో కూర్చున్న ఆడవాళ్లు, ఒడిలో చాట, అందులో తడిపిన తునికాకు, తంబాకు. ఆకు కత్తిరించాలి, చిటికెడు తంబాకు పోసి చుట్టాలి, మూతి మడిచి దారం కట్టాలి. చూపు చాట దాటదు. మెడ వాలిపోతుంది, వీపు విల్లవుతుంది. కూలి వెయ్యి బీడీలకు లెక్క. కట్టకు 25 చొప్పున 40 కట్టలు.

నడుములు గుంజుతున్నయి అననివాళ్లు అక్కడ అరుదు.

వెన్నుపూసల మధ్య ఉండే డిస్కులకు పెద్దయ్యాక రక్తనాళాలు దాదాపు ఉండవు. చుట్టుపక్కల నుంచి ఊరే పోషకాలే వాటికి తిండి, ఆ ఊటకు ఒంటి కదలిక తోడు కావాలి. స్వీడన్ వైద్యుడు ఆల్ఫ్ నాకెమ్‌సన్ 1960లలో నడుము డిస్కులోకి సూది దించి ఒత్తిడి కొలిచాడు. నిలబడ్డప్పుడు 100 అనుకుంటే ఆనుడు లేకుండా కూర్చుంటే 140, ముందుకు వంగి కూర్చుంటే 185. ఊరికే కూర్చున్నప్పటి అంకెను తర్వాతి కొలతలు తగ్గించాయి. వంగితే బరువు పెరుగుతుందన్న మాట మాత్రం నిలిచింది. చాట ముందు మనిషిది ఆ చివరి అంకె.

అలాగని తప్పంతా నేల మీదికి నెట్టడం అన్యాయం. చిక్కు ఎత్తులో ఉంది. నిర్మల్‌లో పొణికి కర్ర బొమ్మకు రంగు వేసే మనిషి బొమ్మనే కళ్ల దగ్గరికి ఎత్తుకోవచ్చు. చాటను అలా ఎత్తితే తంబాకు ఒలుకుతుంది. కాబట్టి కూర్చునే చోట మడతపెట్టిన బొంత, చాట కింద చిన్న పీట, వీపుకు గోడ. వేల రూపాయల ఆఫీసు కుర్చీ చేసేదీ చాలావరకు ఇదే పని.

1966 నాటి బీడీ కార్మికుల చట్టం కార్ఖానాలో రోజుకు 9 గంటలే పని అంది, 5 గంటలకు ఒకసారి అరగంట విరామం ఇవ్వమంది. ఇంటి అరుగు మీద ఆ గడియారం ఎవరు చూస్తారు? తెలంగాణలో బీడీ కార్మికుల నెలవారీ భృతి 2019లో వెయ్యి నుంచి 2016 రూపాయలైంది. మంచిదే. కానీ అది నడుముకు ఆనుడు కాదు.

బీడీలు చేసే అక్కలూ, నాలుగు కట్టలు కాగానే చాట దించి లేవండి. కుండదాకా నడిచి, గ్లాసెడు నీళ్లు తాగి రండి.