ఇయ్యాల్టి మందం

పొయ్యి మీద ఎసరు కాగుతుంటుంది. మా పెద్దమ్మ చేటలో బియ్యం చెరిగి, రాళ్లేరి, కడగబోయే ముందు ఒక్క క్షణం ఆగుతుంది. కుడిచేత్తో పిడికెడు తీసి గూట్లో ఉన్న పాత డాల్డా డబ్బాలో పోస్తుంది. పెదవులు కదులుతాయి, మాట వినపడదు. ఆ తర్వాతే బియ్యం కడుగుతుంది. నాగర్‌కర్నూలు పక్క పల్లెలో ఆమె ఇంట నేను గడిపిన సెలవులన్నిట్లో ఈ పని తప్పిన పూట ఒక్కటీ లేదు. గింజలు అడుగంటిన రోజున ఉండబట్టలేక అడిగాను.

"మనకే సాలకుంటే తీసి పెడుతవేంది పెద్దమ్మా?"

"సాలుతయో సాలవో నీకెట్ల ఎరుక బిడ్డా? ఇయ్యాల్టి మందం ఆయన ఇచ్చిండు. రేపటి మందం రేపు అడుగుత."

మందం అంటే పాలమూరు వాడుకలో సరిపడేంత అని. ప్రభువు నేర్పిన ప్రార్థనలో వచ్చే 'అనుదినాహారము' అన్న మాటకు ఇంతకన్నా దగ్గరి మాట నాకు ఇప్పటికీ దొరకలేదు. క్రీస్తు మీద ఆనుకుని బతకడమంటే ఏమిటని ఎవరైనా అడిగితే, నాకు ముందు గుర్తొచ్చేది ఆ పిడికిలే.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతంలో పాత సంఘాలు చాలావరకు మెన్నొనైట్ బ్రదరెన్ సంఘాలు. జనం నోట్లో ఎంబీ చర్చి. వీటి వేర్లు వెతుక్కుంటూ పోతే 1525లో జ్యూరిక్‌లో మొదలైన అనాబాప్టిస్టుల దాకా పోవాలి. అర్థం తెలిసిన వయసులో, తన నోటితో ఒప్పుకుని తీసుకున్నదే బాప్తిస్మమన్నందుకు వాళ్లను నీళ్లలో ముంచి చంపారు, కాల్చి చంపారు. ఆ హింసల్లో వాళ్లు గుండెకు హత్తుకున్న జర్మన్ మాట ఒకటుంది, గెలాసెన్‌హైట్. తనను పూర్తిగా దేవుని చేతికి వదిలేసుకోవడం అని. ఆ పరంపరలోని వాళ్లలో ఒకరు, అబ్రహాం ఫ్రీజెన్, 1889లో రష్యా సామ్రాజ్యం నుంచి ఈ దేశానికి వచ్చి నల్గొండలో పనిచేశారు. తర్వాత అమెరికా నుంచి వచ్చిన డేనియల్ బెర్గ్‌తోల్డ్ నాగర్‌కర్నూలులో మిషను కట్టారు. 1920లో అక్కడే బైబిలు పాఠశాల మొదలైంది. తర్వాతి కాలంలో అది శంషాబాదుకు చేరింది.

ఆ గెలాసెన్‌హైట్ ఇక్కడ నాటుకోవడానికి మిషనరీల బోధ ఒక్కటే కారణమని నేననుకోను. ఈ సంఘాల్లో చేరినవాళ్లు ఎక్కువమంది మాదిగ, మాల వాడలవాళ్లు. ఒకరి మీద ఆధారపడి బతకడం వాళ్లకు కొత్త కాదు. గద్వాల, వనపర్తి సంస్థానాల కాలంలో, నిజాం రాజ్యంలో వెట్టి చేసిన కుటుంబాలవి. దొర గింజలిస్తే పొయ్యి వెలుగుతుంది. ఇచ్చిన ప్రతి గింజా అప్పుగా రాసుకుంటాడు. ఆ అప్పు కొడుక్కి, మనవడికి దిగుతుంది. అలాంటి మనుషులకు, అడిగితే ఇచ్చి లెక్క రాసుకోని ఒకడున్నాడని తెలిస్తే ఎలా ఉంటుంది? మా పెద్దమ్మ తల్లి దొర గడి ముందు చెప్పులు చేత పట్టుకుని నడిచిందట. గుడిసెలో మోకరించినప్పుడు మాత్రం ఆమె 'తండ్రీ' అని పిలిచేది. దేవుని మీద ఆనుకోవడం మనిషిని వంచుతుందని ఎవరైనా అంటే నేను ఒప్పుకోలేను. మా ఇంట్లో అది నడుములు నిలబెట్టింది.

నేల కూడా ఇదే నేర్పింది. ద్వితీయోపదేశకాండం పదకొండో అధ్యాయంలో మోషే ఒక పోలిక చెబుతాడు. ఐగుప్తు పొలాలు మనిషి కాలితో నీళ్లు కట్టుకునే కూరతోటలాంటివి, మీరు వెళ్లబోయే దేశం ఆకాశం నుంచి పడే వాన తాగుతుంది అని. జొన్న, ఆముదం, వేరుశనగ వేసి మృగశిర నుంచి మబ్బుకేసి చూసే పాలమూరు రైతుకు దీని మీద ప్రసంగం అక్కరలేదు. వానలు ఎగ్గొట్టిన ఏడు ఇంటికి తాళం వేసి ముంబై బస్సెక్కేవాళ్లు. దినకూలికి పొద్దుగూకేసరికి చేతిలో పడేది ఆ రోజు మందమే.

అయితే ఇలా దేవుని మీద ఆనుకోవడం ఊరికే వచ్చే గుణం కాదు, సాధన. అరణ్యంలో మన్నాను రేపటికని దాస్తే పురుగు పట్టింది. విశ్వాసమూ అంతే, నిన్నటిది ఇవాళ పనికిరాదు. అందుకే మా పెద్దమ్మ కోడికూతకు లేచి, గొంగడి మడిచి మోకాళ్ల కింద వేసుకుని, గోడకు ఆనకుండా మోకరిస్తుంది. ముందు ఏమీ అడగదు. నిన్న జరిగినవాటికి స్తోత్రాలు చెబుతుంది, అదీ పేరుపేరునా: బర్రె ఈనినందుకు, చిన్నోడి జ్వరం దిగినందుకు, తగాదా పడిన తోటికోడలు నీళ్లు అడిగినందుకు. ఆ తర్వాతే ఇవాళ్టి అక్కరలు. ఈ వరుస గొప్పది. నిన్నటి మేలు లెక్కపెట్టుకున్న మనిషి ఇవాళ్టి అక్కరను భయంతో అడగదు.

ఆమెకు చదువు రాదు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం మాత్రం సగం ఆమె కంఠంలో ఉంది. ఆ పుస్తకంలో కీర్తన తలమీద రాగం, తాళం అచ్చు వేస్తారు. పందొమ్మిదో శతాబ్దపు పురుషోత్తమ చౌదరిలాంటి కవులు వాక్యాన్ని మన బాణీల్లో కట్టి పెట్టడంతో, అక్షరం రాని తల్లులు కలుపు తీస్తూ వేదాంతం పాడుకున్నారు. శుక్రవారం ఉపవాస ప్రార్థన. వారం మధ్యలో ఎవరో ఒకరి ఇంట్లో కూటం, అక్కడ సాక్ష్యం. సాక్ష్యానికి నియమం ఒక్కటే, జరిగింది జరిగినట్టు చెప్పాలి. పెంచి చెబితే పెద్దలు తర్వాత పక్కకు పిలిచి మాట్లాడతారు.

ఒక బాధ కూడా చెప్పాలి. డిసెంబరు 31 అర్ధరాత్రి గుడిలో తీసుకున్న, వచనం అచ్చేసిన వాగ్దానపు కార్డును తాయెత్తులా చూసుకునేవాళ్లు పెరుగుతున్నారు. మందులు మానేస్తేనే విశ్వాసమని చెప్పేవాళ్లూ వస్తున్నారు. ఇది మన తాతల బాట కాదు. 1907లో ఈ దేశం వచ్చిన డాక్టర్ కాథరీనా షెల్లెన్‌బర్గ్ 1945లో ఇక్కడే కన్నుమూసేదాకా వైద్యమూ ప్రార్థనా రెండూ చేశారు. జడ్చర్లలో ఆసుపత్రి కట్టిందీ ఈ సంఘమే. పెద్దమ్మ బీపీ గోళీ అరచేతిలో పెట్టుకుని స్తోత్రం చెప్పి మింగుతుంది.

ఇప్పుడు పెద్దమ్మ వాళ్ల ఊరి చెరువుకు కల్వకుర్తి ఎత్తిపోతల నీళ్లొస్తున్నాయి. వరి వేస్తున్నారు. కాలువ వచ్చినాక మబ్బుకేసి చూసే అలవాటు పోతుందేమోనని నాకు భయం ఉండేది. మొన్న వెళ్లినప్పుడు చూశాను. డాల్డా డబ్బా పోయి ప్లాస్టిక్ డబ్బా వచ్చింది. పిడికిలి అదే.

ఆదివారం ఆ డబ్బాలన్నీ గుడికి వస్తాయి. ఆడవాళ్లు ముందుకు నడిచి ఒకే సంచిలో కుమ్మరిస్తారు. రేషను బియ్యం, సోనామసూరి, పాతవి, కొత్తవి, అన్నీ కలిసిపోతాయి. ఆ సంచి ఒక వారం పాస్టరుగారింటికి, ఒక వారం మొగుడు పోయిన ఎవరో ఆడమనిషి ఇంటికి పోతుంది. ఆ బియ్యం ఒక్క తీరుగా ఉడకవని పాస్టరమ్మ నాతో చెప్పింది. కొన్ని మెత్తబడతాయి, కొన్ని పలుకు మీదుంటాయి. ఇరవై ఏళ్లుగా అదే అన్నం తింటున్నామని నవ్వి, నాకూ ఒక కంచం పెట్టింది.