ఆగి ఆగి నడిచే అంబాసిడర్

పాత పెట్రోలు కారు ఎండలో నడుస్తూ నడుస్తూ ఆగిపోతుంది. పావుగంట పోయాక ఏమీ ఎరగనట్టు స్టార్టవుతుంది. షెడ్డుకు తోలుకెళ్లేసరికి జబ్బు కనిపించదు. అంబాసిడర్ తయారీ ఆగింది 2014లో. వాటిలో కార్బొరేటరు, కాంటాక్ట్ పాయింట్లతో నడిచే పాత బళ్లకు లోపాన్ని చదివి చెప్పే కంప్యూటరు లేదు. అందుకే విశాఖలోని గాజువాక ఆటోనగర్ లాంటి చోట అనుభవం ఉన్న మెకానిక్కు బానెట్ ఎత్తకముందే ఒక ప్రశ్న వేస్తాడు: ఎలా ఆగింది?

స్విచ్చి తీసినట్టు ఠక్కున ఆగితే అనుమానం కరెంటు మీదికి పోతుంది. నాలుగు కుదుపులు కుదిపి, దగ్గి దగ్గి ఆగితే పెట్రోలు మీదికి. ప్రతిసారీ ఇదే నిజమవదు గానీ సగం పని ఇక్కడే తప్పుతుంది.

మిగతా సగం, బండి ఆగిన చోటే, వేడి చల్లారకముందే చూడటంలో ఉంది. విడి ప్లగ్గు ఒకటి వైరుకు తగిలించి, ఇంజన్ బాడీకి ఆనించి సెల్ఫ్ కొడితే నిప్పురవ్వ నీలంగా, చిటపటమంటూ రావాలి. పసుపుపచ్చగా, నీరసంగా వస్తే కండెన్సరునో కాయిల్‌నో అనుమానించాలి. రెండూ వేడెక్కితే మొరాయించి, చల్లారితే మళ్లీ పనిచేసే రకాలే. పాయింట్ల మధ్య ఎడం సుమారు 0.4 మి.మీ. ఉండాలి, అరిగి గుంటపడితే అది నిలవదు.

చాలామంది కన్నుగప్పేది డిస్ట్రిబ్యూటర్ లోపలి సన్నటి వైరు. యాక్సిలరేటర్ తొక్కి వదిలినప్పుడల్లా పాయింట్లున్న ప్లేటు కాస్త తిరుగుతుంది, దాంతోపాటు ఈ వైరూ వంగుతుంది. ఏళ్లు గడిచాక పై తొడుగు బాగానే ఉండి లోపలి రాగిపోగులు తెగుతాయి. ప్లేటు ఒక పక్కకు జరిగితే అతుకుతాయి, ఇంకో పక్కకు జరిగితే విడిపోతాయి. వేలితో మెల్లగా లాగినప్పుడు తొడుగు రబ్బరులా సాగితే, దొంగ దొరికినట్టే.

విశాఖలో ఉప్పుగాలి ఇంకో చిక్కు. బ్యాటరీ టెర్మినళ్ల మీద పచ్చటి పొర పేరుకుంటుంది, ఇంజన్‌కూ ఛాసీకీ మధ్య ఉండే ఎర్త్ పట్టీ తుప్పు పడుతుంది. వానాకాలపు తెల్లవారుజామున మొరాయించే బండికి డిస్ట్రిబ్యూటర్ క్యాపు విప్పి లోపలి చెమ్మ పొడిగుడ్డతో తుడిస్తే చాలాసార్లు సరిపోతుంది. పాత ప్లగ్గు వైర్లు కరెంటు లీకు చేస్తున్నాయేమో చీకట్లో చూస్తే తెలుస్తుంది, మిణుకుమిణుకుమంటాయి.

పెట్రోలు వైపు మొదటి పరీక్షకు పైసా ఖర్చు లేదు. ఆగిన వెంటనే ట్యాంకు మూత వదులు చేయాలి. స్‌స్ మని గాలి లోపలికి పోయి, బండి కదిలితే మూతలోని గాలి రంధ్రం పూడుకుపోయిందని అర్థం. అడవివరం నుంచి సింహాచలం ఘాట్ ఎక్కేటప్పుడు రెండో గేరులో ఇంజన్ కాగి, పైపులో పెట్రోలు ఆవిరై పంపు లాగలేకపోవడం మరో కారణం. తడిగుడ్డ పంపు మీద కప్పడం పాత చిట్కా, పని జరుగుతుంది గానీ వైద్యం కాదు. పైపును సైలెన్సరు వేడికి దూరంగా మళ్లించాలి. 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు పాత రబ్బరు పైపుల్నీ పంపు డయాఫ్రమ్‌నీ మెత్తబరుస్తుంది, ట్యాంకు అడుగు మడ్డినీ కదిలిస్తుంది. ఆ మడ్డి ఫిల్టరును, కార్బొరేటరు జెట్‌ను మూసేస్తుంది.

ఒకేసారి మూడు పార్టులు మారిస్తే ఏది దోషో తేలదు. ఒకటి మార్చి, మొదట ఆగిన దారిలోనే, అంతే ఎండలో, అంతే దూరం తోలి చూడాలి. తీసిన పాత కండెన్సరు బాగానే ఉంటే అది డిక్కీలో పడుంటుంది, మళ్లీ అవసరానికి.